రెండు షేడ్ల తేడా

“రెండు షేడ్లు తెల్లగా వెయ్యమ్మా. ఫోటోల్లో మా అబ్బాయి పక్కన కలిసిపోవాలి,” అంది మా కాబోయే అత్తగారు. నేనింకా కుర్చీలో కూర్చోనే లేదు. ఆ మాట చెప్పింది నాకు కాదు, మేకప్ ఆవిడకి.

నేను తొమ్మిదేళ్ళుగా ఆడవాళ్ళకీ పిల్లలకీ ఈత నేర్పుతున్నాను. మాది పైకప్పు లేని కొలను. నా నుదుటి మీద ఈత టోపీ అంచు గీసిన గీత ఉంటుంది, పైన ఒక రంగు, కింద ఒక రంగు. నీళ్ళంటే వణికిపోయే నడివయసు ఆడవాళ్ళు గట్టు వదిలి, నా చెయ్యి కూడా వదిలి, మొదటిసారి తేలిన క్షణాలన్నీ ఎండలో నిలబడే చూశాను. ఆ నలుపు నాకు ఊరికే రాలేదు.

పెళ్ళి మేకప్ ముందుగా వేసి చూసే ట్రయల్‌కి సిద్ధపడే వచ్చాను. ముఖానికి ఏమీ రాసుకోలేదు. పెళ్ళిబట్టల రంగుకి దగ్గరగా ఉన్న చొక్కా వేసుకున్నాను. కిందటేడు పెళ్ళి చేసుకున్న నా తోటి కోచ్ మరీ మరీ చెప్పి పంపింది. “అద్దం దగ్గర లైట్లని నమ్మకు, కిటికీ దగ్గరికెళ్ళి చూసుకో. నవ్వి చూడు, మాట్లాడి చూడు. నచ్చనిది కుర్చీలో ఉండగానే చెప్పు. లేచాక ఎవరూ వినరు.”

కళ్ళు మూసుకోమంది మేకప్ ఆవిడ. చల్లటి స్పాంజి చెంపల మీద తిరుగుతుంటే పెళ్ళికొడుకు మాటలే గుర్తొచ్చాయి. మొదటిసారి కలిసినప్పుడు “నీ కళ్ళు బాగుంటాయి” అన్నాడు. కళ్ళ దగ్గరే ఆగిపోయాడని అప్పుడు తట్టలేదు. వీడియో కాల్ చేసినప్పుడల్లా “కొంచెం లైటు వైపు తిరుగు” అనేవాడు, తిరిగేదాన్ని. కిందటి నెల “సెలవు పెట్టరాదూ, ఎండ తగలకుండా ఉంటుంది. నాకోసం కాదు, అమ్మకోసం” అన్నాడు. నవ్వేసి నెలరోజులు సెలవు రాసిచ్చాను. అత్తగారు పంపిన క్రీములు వాసన పడకపోయినా రాసుకున్నాను. అన్నీ చిన్న విషయాలే, ఇంత దానికి గొడవెందుకని సర్దుకున్నవే. ఒక్కోసారి ఒక్కో అంగుళం జరిగాను. ఎంత దూరం జరిగానో కొలుచుకోలేదు.

“చూసుకోండి,” అంది మేకప్ ఆవిడ.

అద్దంలో ఎవరో పెళ్ళికూతురు ఉంది. బాగానే ఉంది. గీత లేదు. ఆ ముఖం కింద నా మెడ, నా చేతులు ఎవరివో తెచ్చి అతికించినట్టున్నాయి.

“చేతులకి కూడా వేసెయ్యమ్మా,” అంది అత్తగారు. తర్వాత నా భుజం తట్టి, “బెంగపడకు. పెళ్ళయ్యాక ఆ నీళ్ళ ఉద్యోగం ఎలాగూ మానేస్తావు కదా, ఆర్నెల్లలో అసలు రంగు వచ్చేస్తుంది,” అంది.

“మానేస్తానని ఎవరన్నారు అత్తయ్యా?”

“అబ్బాయి చెప్పలేదా నీకు?” ఆవిడ నిజంగానే ఆశ్చర్యపోయింది.

లేచి కిటికీ దగ్గరికి వెళ్ళి అతనికి ఫోన్ చేశాను. ఆఫీసులో ఉన్నాడు, గొంతు తగ్గించి మాట్లాడాడు.

“నేను ఉద్యోగం మానేస్తానని అత్తయ్యకి చెప్పావా?”

“పెళ్ళయ్యాక నిదానంగా మాట్లాడదామనుకున్నా.”

“మాట్లాడటానికా, చెప్పడానికా?”

“ఇప్పుడెందుకిది? అమ్మ పక్కనే ఉందా?”

“సాయంత్రం కొలను దగ్గరికి రా. నిదానంగానే మాట్లాడుకుందాం,” అని పెట్టేశాను. వెంటనే మా మేనేజరుకి ఫోన్ చేసి, మిగిలిన సెలవు రద్దు చేసుకుని సాయంత్రం క్లాసుకి వస్తున్నానన్నాను.

తిరిగొచ్చి కుర్చీలో కూర్చున్నాను. “ఇది తుడిచెయ్యండి. నా రంగులోనే మళ్ళీ వెయ్యండి.”

మేకప్ ఆవిడ అత్తగారి వైపు చూసింది.

“ముఖం నాదండీ,” అన్నాను.

“ఫోటోలు జీవితాంతం ఉంటాయి, అమ్మాయ్,” అంది అత్తగారు.

“అందుకే అత్తయ్యా.”

ఆవిడ బ్యాగు తీసుకుని బయటి గదిలోకి వెళ్ళిపోయింది. మేకప్ ఆవిడ అడుగు సొరుగులోంచి నా రంగు ఫౌండేషన్ సీసా ఒకటి తీసి, మూత మీది ప్లాస్టిక్ పొర గోటితో చింపింది. “కొని రెండేళ్ళయింది,” అంది మెల్లగా. “మీ రంగువాళ్ళు బోలెడుమంది వచ్చారు. ఇది కావాలని ఒక్కరూ అడగలేదు. వెయ్యనా అని నేనూ అడగలేదనుకోండి.”

ఈసారి కళ్ళు మూసుకోలేదు. ఆవిడ వేస్తున్నంతసేపూ చూస్తూ, కనుబొమలు ఎక్కువయ్యాయనీ, పెదాల రంగు కొంచెం తగ్గించమనీ చెప్పాను. అయ్యాక కిటికీ వెలుతురులో ఒక ఫోటో తీసుకున్నాను. నవ్వి చూశాను. మెడా ముఖమూ ఒకే మనిషివి.

ఆవిడ డైరీ తెరిచి పెన్ను పట్టుకుంది. “పెళ్ళి తేదీ రాసేసుకోనా మరి?”

“షేడ్ నంబరు రాసుకోండి,” అన్నాను. “తేదీ ఖాయమైతే నేను చెప్తాను.”