పెరటి గోడ మీద ఎర్రచెయ్యి

తవిటయ్య పోయాక కాశమ్మకి మిగిలిన ఆస్తి ఏమిటంటే పెరటి గోడ మీద ఓ ఎర్రటి అరచెయ్యి. నవ్వకండి. ఆ చేతికోసం ఆవిడ మొగుడితో కాపురమంతా దెబ్బలాడింది.

డెబ్బైల మొదట్లో పద్మనాభంలో వరిచేను వదిలి, హార్బర్లో ఇనుపరాయి ఎత్తే పనికి వచ్చాడు తవిటయ్య. కంచరపాలెంలో రైలుపట్టాల పక్కన చిన్న ఇల్లు కట్టుకున్నాడు. ఆ పనికి వెళ్ళినవాళ్ళెవరూ వీధి గుమ్మంలోంచి ఇంట్లోకి రారు. ఒళ్ళంతా ఎర్రదుమ్మే, కనురెప్పలతో సహా. సందులోంచి పెరట్లోకి వెళ్ళి, స్నానం చేసి, అప్పుడు గడప తొక్కాలి. సాయంత్రం హార్బరు కూత వినబడగానే కాశమ్మ కాగు పొయ్యి మీద పెట్టేది. నీళ్ళు కాగేసరికి సైకిలు బెల్లు. బూట్లు విప్పడానికి ఆ మహానుభావుడు ఎడమచెయ్యి గోడకి ఆనించేవాడు. రోజూ అక్కడే. రోజూ ఆవిడ నోరు లేచేది.

"వచ్చేవా మావా? గోడ పాడు సేసేవా మల్లీ?"

"ఏటి సేత్తానే, పడిపోమంటావా?" అని ఆయన నవ్వేవాడు. ఆ ఎర్రముఖంలో పళ్ళొక్కటే తెల్లగా ఉండేవి.

పండక్కి ఆవిడ సున్నం వేయడం, ఆ సాయంత్రమే ఆయన మళ్ళీ చెయ్యి వేయడం! కావాలనే చేస్తున్నాడని ఆవిడకి గట్టి అనుమానం. స్నానమయ్యాక మాత్రం వేరే మనిషి. గళ్ళ లుంగీ కట్టుకుని, కొడుకుని పక్కన కూర్చోబెట్టుకుని, జపాను ఓడల కబుర్లు మొదలెట్టేవాడు. "మన కొండరాయి అట్టుకెల్లి ఆల్లు కార్లు సేత్తారంటరా" అని, ఆ కార్లన్నీ తనే చేసినట్టు చెప్పేవాడు. కాశమ్మ వంటింట్లోంచి వింటూ నవ్వుకునేది.

ఎనభై మూడు వేసవిలో పచ్చకామెర్లు వచ్చాయి. ఆసుపత్రిలో చేర్చినా మనిషి దక్కలేదు.

పెద్దకర్మకి ముందు ఇల్లంతా సున్నం కొట్టి మైల పోగొట్టాలి కదా. స్టీలుప్లాంటు కట్టేచోట పనిచేస్తున్న కొడుకు అప్పలసూరి సెలవు పెట్టి, గదులన్నీ కొట్టేశాడు. పెరటి గోడ కూడా కొట్టి, ఆ చెయ్యి ఉన్నచోటు మాత్రం వదిలేసి, కుంచె బకెట్లో పడేశాడు.

"అక్కడ నాకు సెయ్యి ఆడతల్లేదే అమ్మా" అని వీధిలోకి పోయాడు.

కాశమ్మకి ప్రాణం లేచొచ్చింది. పోనీ, ఉండనీ అనుకుంది. కానీ తవిటయ్య అక్క పోతమ్మ ఊరుకుంటుందా? పద్మనాభం నుంచి దిగింది మొదలు పెత్తనమంతా ఆవిడదే.

"ఏటే కాసమ్మా, ఆ మరక అలాగొగ్గేసినారేటి? మనిషి గురుతు గోడమీదుంటే ఆడి పేనం గడప దాటదు. ఎల్నేక ఈ పెరట్లోనే తిరుగుతంటాడు నా తమ్ముడు."

తిరగనీ, ఎవరికి అడ్డమొచ్చాడు అనబోయింది కాశమ్మ. కానీ ఆ మరక కోసం అన్నేళ్ళూ అరిచిందే తను! ఇప్పుడు ఉంచమని ఏ మొహంతో అడుగుతుంది? పైగా ఆయన దిక్కులేకుండా తిరుగుతాడన్న మాట గుండెలో గుచ్చుకుంది. బతికున్నన్నాళ్ళూ అలిసిపోయిన మనిషి. ఇప్పుడైనా సుఖంగా పోవద్దూ?

"నానే ఏత్తాను వదినా" అంది.

కుంచె ముంచి ఒక్కో వేలి మీదుగా మెల్లగా పూసింది. పచ్చిసున్నం కింద చెయ్యి ఇంకా ఎర్రగానే కనబడుతోంది. ఆరితేగాని సున్నం తెల్లబడదని ఆవిడకి తెలియనిదా? అయినా, ఈసారి పోదులే అని లోలోపల మురిసిపోయింది, పిచ్చిది. మధ్యాహ్నం ఎండకి బొటనవేలు ముందు మాయమైంది, ఆ తరవాత అరచెయ్యి. కాపురం మొత్తంలో ఆ గోడ ఓ పూటకి మించి శుభ్రంగా ఉండగా ఆవిడ చూడలేదు. ఇక మీదట అలాగే ఉండిపోతుందని తోచి, గోడకి తల ఆనించి భోరుమంది.

సాయంత్రం కూత వినబడింది. కాశమ్మ లేచి పొయ్యి రాజేసింది, కాగు పెట్టింది. నీళ్ళు కాగి, చెంబు తెచ్చి పక్కన పెట్టాకగానీ తెలివి రాలేదు. ఎవరికి ఈ నీళ్ళు? ఒళ్ళు మండిపోయింది. ఆ కూత మీద, తన మీద, మాటైనా చెప్పకుండా పోయిన ఆ మనిషి మీద. చెంబు ముంచి నీళ్ళు గోడకేసి కొట్టింది.

తడిసేసరికి సున్నం మళ్ళీ పచ్చిసున్నంలా పలచగా అయింది. బొటనవేలు ముందు కనబడింది. తరవాత మిగతా వేళ్ళు, అరచెయ్యి.

"వచ్చేవా మావా?" అంది కాశమ్మ. "గోడ పాడు సేసేవా మల్లీ?"

వెనక అలికిడైంది. పోతమ్మ! ఎప్పట్నుంచి నిలబడిందో ఏమో. మళ్ళీ కుంచె తెమ్మంటుందని కాశమ్మ చెంబు కొంగు చాటుకి లాక్కుంది. పోతమ్మ మాత్రం గోడ మీంచి చూపు తిప్పలేదు. వేసవి గాలికి అప్పుడే తడి లాగేస్తోంది, చిటికెనవేలు తెల్లబడుతోంది.

"ఆరిపోతందే" అంది పోతమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని. "ఇంకో సెంబుడు పొయ్యి."