నాలుగో తరగతి శ్రుతి

పాటల రికార్డింగులకు పేరుపడ్డ నాష్‌విల్‌లో స్టూడియో మూడు గంటలసేపే ఇస్తారు. ఆలోగా మూడు పాటలు పూర్తవ్వాలి. టైమవగానే వాయిద్యాలవాళ్లు లేచి వెళ్లిపోతారు, ఇంకోచోట వాళ్లకు పని. మా అక్క లొరీనకు మిగిలింది పదిహేడు నిమిషాలు.

మొదటి రెండు పాటలూ చప్పగా వచ్చాయి. రికార్డు తీస్తున్న డ్వైట్ ఆ మాట మొహమ్మీదే అనేశాడు. "మూడోదీ ఇలాగే వస్తే ఇవాళ్టితో సరి. మీ ఊరి బస్సు నాలుగున్నరకి."

మూడోది అక్క సొంత పాట. పదకొండేళ్లుగా నాలుగో తరగతికి పాఠాలు చెబుతూ, సాయంత్రాలు వంటింట్లో కట్టుకుంది. అద్దం ఇవతల కూర్చున్న నాకు ప్రతి చరణమూ నోటికి వచ్చు. పల్లవి రెండో పాదంలో పైకి వెళ్లగానే గొంతు జీరబోయింది. ఆపారు. మళ్లీ మొదలుపెట్టారు. మళ్లీ అక్కడే.

"పన్నెండు నిమిషాలు," అన్నాడు డ్వైట్.

స్టీల్ గిటారు వాయించే ముసలాయన ఆర్విల్ తలెత్తాడు. "టీచరమ్మా, ఈ పాట రోజూ ఎవరితో పాడతావు?"

"మా పిల్లలతో. హాజరు వేశాక."

"అదీ సంగతి. పదేళ్ల పిల్లల శ్రుతి మోసుకొచ్చావు. మరి నీ గొంతేదీ?"

అక్క మొహం కందిపోయింది. "శ్రుతి తగ్గిస్తే మగగొంతులా ఉంటుందండీ."

"నా గొంతు విన్నాక ఆ మాట అను!"

అందరూ నవ్వారు, అక్క తప్ప. ఆర్విల్ మిగతా వాయిద్యాలవాళ్లకు నాలుగు వేళ్లు కిందికి చూపించాడు, ఏ శ్రుతికి దిగాలో చెప్పే సైగ అది. వాళ్ల కాగితాల మీద స్వరాల పేర్లుండవు, వాటి వరుస తెలిపే అంకెలే. శ్రుతి ఎక్కడ పెట్టినా అవి మారవు. ఎవరూ పెన్ను కూడా తీయలేదు.

"ఏడు నిమిషాలు. ఇక ఒక్కసారే," అన్నాడు డ్వైట్.

ఎర్రదీపం వెలిగింది. అక్క నోట వచ్చిన గొంతు నేను పుట్టి బుద్ధెరిగాక వినలేదు. లోతుగా, కాస్త గరుగ్గా, రోజంతా నిలబడి అలిసిన మనిషిలా ఉంది. మొదటి పాదంలో తడబడింది. ఆర్విల్ ఆగలేదు. అక్కా ఆగలేదు. పల్లవిలో ఆ చోటు వచ్చింది, దాటిపోయింది.

తీగ మోత పూర్తిగా అణిగేదాకా ఎవరూ కదల్లేదు.

"మిగతా రెండూ ఈ శ్రుతిలోనే తీద్దాం," అన్నాడు డ్వైట్. "రేపు పదింటికి రా."

"రేపు పిల్లలకి లెక్కల పరీక్షండీ."

"ఇంకెవరినైనా పెట్టమను. ఇకనుంచి ఎలాగూ వాళ్లే పెట్టాలి."

వేసవికల్లా ఆ పాట మా టెన్నెసీ రాష్ట్రంలో లారీలన్నిటిలో మోగింది. రికార్డింగయిన ఆ సాయంత్రం మాత్రం బడికి ఫోన్ చేయాల్సింది నేనే.

"సెలవు ఒక్కరోజేగా?" అన్నాడు హెడ్మాస్టరు.

నాకు అబద్ధమాడటం చేతకాలేదు. "కాదండీ," అన్నాను.