మగ అడుగు

అల్వాల్‌లో వసుధ వాళ్ళ వంటిల్లు రైలు పెట్టెలో నడవా అంత. భర్త హేమచంద్ర మంచినీళ్ళకని లోపలికొస్తే ఆమె వెనక్కి జరిగి గోడకు అతుక్కోవాలి. ఆయన ఫ్రిజ్ తెరిచి, తాగి, ఖాళీ సీసా గట్టు మీద పెట్టి పోయేదాకా పెనం మీద దోస మాడినా సరే, అట్లనే నిలబడాలి. పెళ్ళయిన కాడి నుంచీ ఇదే తంతు. ఆయన చెప్పుల చప్పుడు వినబడితే చాలు, కాళ్ళు వాటంతటవే వెనక్కి పోతాయి.

ఆ పొద్దున గోడకు ఆనుకొనే అడిగింది. "ఓడ సంగతి ఏం చేసిన్రు?"

"ఏ ఓడ?"

"డాన్స్ ఓడ. ముంబై నుంచి పోతది. మా క్లాసోళ్ళు అందరూ పేర్లిచ్చిన్రు. ఇయ్యాల్నే ఆఖరు."

"చూద్దాం తియ్."

ఆయన చూద్దాం అన్నాడంటే ఇక ఎవరూ చూడరని. బీఎడ్ చేస్తానన్నప్పుడూ చూద్దామే. స్కూటీ నేర్చుకుంటానన్నప్పుడూ చూద్దామే.

హాల్లోంచి అత్త ఎల్లమ్మ అందుకుంది. "నేల మీద ఎగిరింది సాలలేదాయె, నీళ్ళ మీద సుత ఎగురుడేందే? ఎవడి చెయ్యి పట్టుకొని ఎగురుతవ్?"

హేమచంద్ర కిసుక్కున నవ్వి బయటికి పోయాడు.

ఎవడి చెయ్యి! వసుధకూ నవ్వొచ్చింది. రాంగోపాల్‌పేట్‌లో ఆఫీసు అయ్యాక ఆమె పోయే జోడీ డాన్స్ క్లాసులో మగవాళ్ళు దొరికితేగా. అందుకే గ్లోరియా టీచర్ పొడుగ్గా ఉన్న వసుధను జోడీని నడిపించే మగ అడుగులో నిలబెట్టి, రిటైరైన రోసమ్మను జోడీ ఇచ్చింది. మొదటిరోజు పాట మొదలైంది, సగమైంది, ఇద్దరూ రాట పాతినట్టు నిలబడే ఉన్నారు. ఏందమ్మా అని టీచర్ అడిగితే, "ఆమె కదుల్తదేమోనని చూస్తున్న" అంది వసుధ. "ఈమె కదిలిస్తే కదులుదామని నేను" అంది రోసమ్మ. క్లాసంతా ఒకటే నవ్వు. గ్లోరియా నవ్వలేదు. "ముందడుగు నీది వసుధా. నువ్వేస్తేనే ఆమె వేస్తది. ఆమె ఎనక్కి నడుస్తది, ఎనక ఏమున్నదో ఆమెకు కనబడదు. ఆ చూపు నీదే" అంది. ఆ మాట వసుధ గుండెలో ఎక్కడో తగిలింది. ఇన్నేళ్ళూ తను వెనక్కి నడుస్తుంటే, వీపు వెనక గోడుందో గట్టుందో ఎవరు చూశారు? తగిలిన దెబ్బలకు తనే పసుపు రాసుకుంది. అందుకే రోసమ్మ వీపు మీద చెయ్యేస్తే అంత పదిలంగా వేస్తుంది. డాన్స్ పిచ్చోళ్ళంతా ఎక్కే ఆ ఓడలోనూ ఆడవాళ్ళే ఎక్కువట. మగ అడుగు వచ్చినవాళ్ళ కోసం మనుషులు ఎదురుచూస్తారట. "నువ్వు రాకుంటే నేనక్కడ కుర్చీల కూసొని సముద్రం జూడాలె" అని రోసమ్మ నిన్ననే నిష్ఠూరమాడింది.

గోడకు ఆనుకొని ఉన్నానని వసుధకు అప్పుడే తెలిసింది. ఆయన ఎప్పుడో పోయినా తను జరగనే లేదు. పొయ్యి ఆపింది. ఫోన్ తీసి గ్లోరియాకు "వస్తున్న" అని పంపింది. మళ్ళీ పొయ్యి వెలిగించి దోస పోసింది.

చెప్పుల చప్పుడు. కాళ్ళు వెనక్కి పోబోయాయి. పోనివ్వలేదు.

"జరుగు" అన్నాడు హేమచంద్ర, గుమ్మం లోపల.

"ఓడకు పేరిచ్చిన."

"చూద్దామన్న గద?"

"అడుగుడు అయిపోయింది. ఇప్పుడు చెప్తున్న. నేను లేనప్పుడు పిండి కావాల్నంటే దుకాణంల దొరుకుతది. ఎవడి చెయ్యి పట్టుకుంటనని అత్తమ్మ అడిగింది గద, రోసమ్మ చెయ్యి. నేనే పట్టుకుంట. మగ అడుగు నాది."

దోస ప్లేటు పట్టుకొని, రోసమ్మ ముందు వేసినట్టే, తొందరలేకుండా ఒకడుగు ముందుకేసింది. ఆయన ఒకడుగు వెనక్కేశాడు. ఆమె ఇంకో అడుగు. ఆయన ఇంకోటి.

"పైలం" అంది వసుధ, ఆయన మోచెయ్యి పట్టుకొని. "మీ ఎనక పీట ఉన్నది."