లారీకి కట్టిన తువ్వాలు

నాకు కోపం ముక్కు మీదే ఉంటుందని మావాళ్ళంతా అంటారు. ముక్కు మీదే ఆగితే ఎవరికీ బాధ లేదు. నాది చేతిలోకి దిగుతుంది. పోయిన వారం మా బుజ్జిది కూర గిన్నె ఒలకబోసిందని చెంప వాచేలా కొట్టాను. ఈ ఏడే బడిలో వేశాం, అంత పిల్ల. గోడకి అతుక్కుపోయి "ఇంకెప్పుడూ చెయ్యనమ్మా" అంది. ఆ దెబ్బ కూర కోసం కాదని దానికేం తెలుసు? ఆ రోజు మా ఆయనకి లారీ దొరకలేదు. ఆ గిన్నెలో ఉన్నదే మాకు ఆ పూటకి దిక్కు.

లారీ పోయింది కూడా నా వల్లే అనుకున్నాను. మా ఆయన సరుకుల యార్డులో బస్తాలు దించుతాడు, నేను అక్కడే గోదాములు ఊడుస్తాను. యార్డులో ఒక కట్టుబాటు ఉంది. లారీ వెనక తలుపు గొలుసుకి ఎవరి తువ్వాలు ముందు కడితే ఆ సరుకు దించే పని వాళ్ళది. ఇంట్లోవాళ్ళు కట్టినా చెల్లుతుంది. ముడి జారి తువ్వాలు కింద పడితే మాత్రం హక్కు పోయినట్టే. ఇక ఒకరు కట్టిందాన్ని ఇంకొకరు విప్పితే, ఆ విప్పినవాళ్ళ ఇంటిల్లిపాదీ మళ్ళీ గేటు లోపల అడుగు పెట్టకూడదు. మా మేస్త్రీ మిగతా వాటిల్లో చూసీ చూడనట్టు పోతాడు గానీ, ఈ ఒక్క విషయంలో కన్నతండ్రినైనా వదలడు.

ఊడ్చేదాన్ని కాబట్టి పెందలాడే వెళ్తాను, మా ఆయన తువ్వాలు నేనే కడతాను. పోయిన వారం కూడా కట్టాను. ఆయన వచ్చేసరికి అది బురదలో పడి ఉంది. పొడుగన్న తనది కట్టుకున్నాడు. జారినదానికి హక్కు లేదు కదా, తప్పు పట్టడానికేం లేదు. పొడుగన్న మా వీధివాడే. తల వంచకుండా ఏ గుమ్మంలోంచీ రాలేడు. నన్ను చెల్లెమ్మా అంటాడు, మా కిటికీలోంచి చెయ్యి పెట్టి బుజ్జి జడ లాగి పారిపోతాడు. ఆ రోజు మా ఆయనకి తన టీలో సగం పోసి మరీ ఓదార్చాడు. మా ఆయన నన్ను "ముడి కూడా సరిగ్గా వెయ్యలేవా" అన్నాడు, అంతే. ఆ ఒక్క మాటనే పొద్దంతా నమిలి, సాయంత్రం పిల్ల మీద కక్కేశాను.

ఇవాళ పొద్దున నేను వెళ్ళేసరికి యార్డులో ఒకే ఒక్క లారీ ఉంది. వానలు మొదలయ్యాక లారీలు తగ్గిపోయాయి. దాని గొలుసుకి అప్పటికే పొడుగన్న తువ్వాలు కట్టి ఉంది. చిరిగినచోట వాళ్ళావిడ పచ్చగుడ్డ అతుకు వేసింది, ఎక్కడున్నా గుర్తుపట్టొచ్చు. కట్టేసి టీకి వెళ్ళినట్టున్నాడు. చుట్టూ చూశాను. ఎవరూ లేరు.

నా చెయ్యి నన్నడక్కుండా చేసిందని చెప్పను. అడిగింది. నేనే ఊ అన్నాను. ముడి విప్పి, ఆ తువ్వాలు నా సంచిలో అన్నం డబ్బా కింద కుక్కి, మాది కట్టాను. ఒకటికి రెండు ముళ్ళు వేశాను. తర్వాత చీపురు పట్టుకుని, నేల నాకేదో అపకారం చేసినట్టు ఊడ్చాను.

మా ఆయన బుజ్జిని బడిలో దింపి వచ్చి, గొలుసు వంక చూసి నవ్వాడు. "ఇవాళ గట్టిగానే వేశావే!" అన్నాడు. ఆ నవ్వు చూసి ఎన్నాళ్ళయిందో. ఇంతలో పొడుగన్న టీ తాగి వచ్చి అక్కడే ఆగిపోయాడు.

"ఈ లారీ నాది. నేను కట్టే వెళ్ళాను" అన్నాడు.

"మరి నీ తువ్వాలేదన్నా?"

"ఎవరో విప్పారు." నా వైపు చూశాడు.

మా ఆయనా నా వైపే చూశాడు. "నువ్వొచ్చేసరికి గొలుసుకి ఏమైనా ఉందా?"

"లేదు" అన్నాను.

"చెల్లెమ్మా, అబద్ధమాడకు."

"నా పెళ్ళాం అబద్ధాలకోరంటావా?" మా ఆయన గొంతు మారిపోయింది.

"అంటాను. తువ్వాళ్ళు దొంగిలించే బతుకూ ఒక బతుకేనా?"

నాకున్న కోపంలో పావువంతు కూడా లేని మనిషి మా ఆయన. బుజ్జి మీద ఒక్కనాడు చెయ్యెత్తలేదు. బస్తాలు లాగే ఇనుప కొక్కెం చేతిలోనే ఉంది, దాంతోనే కొట్టేశాడు. పొడుగన్న నుదురు చీలిపోయి, అంత మనిషీ చతికిలబడ్డాడు.

"గుడ్డ! ఎవరైనా గుడ్డ తీసుకురండిరా!" అని అరుస్తూ మేస్త్రీ పరుగెత్తుకొచ్చాడు. నేను సంచిలో చెయ్యి పెట్టాను. చేతికి తగిలింది ఆ తువ్వాలే. పట్టుకుని, బయటికి తియ్యకుండా అలాగే నిలబడ్డాను. రక్తం అతని కళ్ళలోకి కారుతోంది, నేనేమో ఆ పచ్చ అతుకు ఎవరికంటైనా పడుతుందేమో అని చూస్తున్నాను. నన్ను నేను క్షమించుకోలేనిది ఆ కాసేపటికే. చివరికి తీసి అతని నుదుటికి అదిమాను.

అందరూ చూశారు. "ఇది నీ దగ్గరికెలా వచ్చింది?" అన్నాడు మేస్త్రీ.

నేను నోరు తెరిచేలోపే పొడుగన్న అందుకున్నాడు. "జారి పడుంటుంది మేస్త్రీ. ఊడుస్తూ తీసుంటుంది. నా ముడే వదులు."

నాకేం అర్థం కాలేదు. కట్టు కట్టడానికి వంగితే నా చెవిలో అన్నాడు, "చెప్పకు చెల్లెమ్మా. పోయిన వారం మీది విప్పింది నేనే. లెక్క సరిపోయింది."

బుజ్జి వాచిన చెంప కళ్ళముందు మెదిలింది. నా ముడి జారలేదన్నమాట. చేతుల్లోకి కోపం ఎలా దిగిందో, కట్టు లాగి బిగించాను. పొడుగన్న మూలిగాడు. ఆ మూలుగు వినగానే సిగ్గుతో చచ్చిపోయాను. అతనికి ఆ దెబ్బ తగిలింది నా మూలాన, మళ్ళీ దాని మీద నేనే నొక్కుతున్నాను.

మా ఆయన కొక్కెం పారేసి అతని కాళ్ళు పట్టుకున్నాడు. "అన్నా, జారిందని తెలీక కొట్టాను. నా చెయ్యి పడిపోనూ!" చిన్నపిల్లాడిలా ఏడుస్తున్నాడు. మేస్త్రీ కాస్త మెత్తబడి, "అయ్యిందేదో అయ్యింది. జారిందంటున్నాడుగా, లారీ నీదే, వెళ్ళి దించు" అన్నాడు.

నోరు మూసుకుంటే చాలు, లారీ మాది. సాయంత్రం పొయ్యి వెలుగుతుంది. కానీ మా ఆయన ఆ తల పగలగొట్టింది నా మాట నమ్మి. ఇక బతికినంతకాలం అది తన పాపమే అనుకుంటాడు.

"జారలేదు. నేనే విప్పాను" అన్నాను.

మేస్త్రీ మళ్ళీ చెప్పించాడు. మళ్ళీ చెప్పాను. మా ఆయన తలెత్తి, "నేనడిగితే లేదన్నావు కదే" అన్నాడు. నేను పొడుగన్న వంక చూశాను. అతను నేల చూపులు చూస్తున్నాడు. నోరు విప్పితే అతని కుటుంబమూ గేటు బయటే. అతని ఇంట్లోనూ అన్నం కోసం చూసేవాళ్ళున్నారు. చెప్పేద్దామా అని నాలిక చివరిదాకా వచ్చింది. మింగేశాను. అది నా మంచితనమేం కాదు, ఒక పొయ్యి ఆర్పింది చాలనిపించింది.

మేస్త్రీ గేటు వైపు చెయ్యి చూపించాడు. మా ఆయన గొలుసు దగ్గరికెళ్ళి మా తువ్వాలు విప్పుకున్నాడు. రెండు ముళ్ళు వేశాను కదా, చాలాసేపు పట్టింది. అందరూ చూస్తూనే ఉన్నారు.

గేటు దాటాక అడిగాడు. "ఎందుకు చేశావే?"

"ఇవాళ కూడా లారీ దొరక్కపోతే, బుజ్జిని మళ్ళీ కొడతానేమోనని భయమేసింది."

ఆయన వీధి మలుపులో కుళాయి దగ్గర ఆగి, చేతులకంటిన రక్తం కడుక్కోవడం మొదలుపెట్టాడు. "పిల్ల చూస్తే జడుసుకుంటుంది" అన్నాడు. గోళ్ళ సందుల్లో ఉన్నది కూడా పోయేదాకా రుద్దుకున్నాడు. ఆ తర్వాత పక్కకి జరిగి, నా చేతుల వంక చూశాడు.

"నువ్వూ కడుక్కో" అన్నాడు.