ఇంటికో ఇటుక

భుయ్యాడీహ్‌లో ఉక్కు కార్ఖానా పనికని ఉత్తరాదికి వలసొచ్చిన తెలుగువాళ్ళ సంఘం గదికి ఒక గోడ ఉంది. కార్ఖానాలో మధ్యాహ్నం రెండింటి షిఫ్టు సైరన్ మోగగానే అది వేడెక్కి, సాయంత్రం దాకా వెచ్చగా ఉంటుంది. వానాకాలంలో ఆడవాళ్ళు తడిబట్టలు దానికే ఆనించి ఆరేస్తారు. పాత ఫర్నేసు విప్పినప్పుడు పారేసిన ఇటుకలతో కట్టిన గోడ మరి. సైరన్ వింటే పనిలోకి దిగక ఏం చేస్తుంది?

ఇంటికో ఇటుక చొప్పున నలభై మూడు ఇటుకల మీద మేకుతో గీసిన పేర్లున్నాయి. సరిగ్గా వాటి మీదే గుట్కా ఉమ్ముతారు. ఛీ! బయటివాళ్ళు కాదు, ఆ పేర్లవాళ్ళ మనవలే. తాత పేరు మీద ఉమ్మేసి, మూతి తుడుచుకుని పోతారు. చూస్తే నాకు అన్నం సహించదు.

పదో తరగతి రోహిణి చదువుకునేది ఆ గదిలోనే, కిటికీ కింద, గోడకి వీపు ఆనించి. వాళ్ళింట్లో ఒక్క గది, ఆరుగురు మనుషులు, ఆగని టీవీ. ఈ గది లేకపోతే రోహిణికి పరీక్ష లేదు, అంతే. అక్కడే ప్రతి ఆదివారం చర్చి అయ్యాక సువర్ణకుమారి టీచరు పిల్లలకి బస్తీ చరిత్ర చెబుతుంది. ఎవరెక్కణ్ణుంచి వచ్చారు, మొదటి కొళాయి ఎవరు కొట్లాడి తెచ్చారు, అన్నీ. "కొట్లాడినోళ్ళ పేర్లు తెలిస్తే రేపు మీకూ నోరు లేస్తాది" అంటుంది. పిల్లలు ఫోన్లు చూసుకుంటూ వింటారు.

ఈ జూలైలో గోడ చల్లారడం మొదలెట్టింది. రోజుకి అయిదారు ఇటుకలు. వారం తిరిగేసరికి మొత్తం చల్లబడింది. "ఓలమ్మో, గుంటడి నిక్కరు ఆరనేదు" అని విసుక్కున్నారే తప్ప ఎందుకని ఒక్కరూ అడగలేదు.

ఆ వారమే టీచరు హోంవర్కు ఇచ్చింది. మీ ఇంటి ఇటుక మీద ఉన్నది దించుకుని, పెద్దవాళ్ళ చేత చదివించుకు రండి అంది. పిల్లలకి తెలుగు మాటలొచ్చు గానీ అక్షరాలు రావు, చదువంతా హిందీలోనే. కిటికీ కింద ఇటుక తమదని రోహిణి ఇంట్లో వింది. దాని మీద ఉమ్మి వదలడానికి రెండు బకెట్ల నీళ్ళు పట్టాయి. అక్షరాలను ముగ్గులా దించుకుని ఇంటికెళ్ళింది.

"తాతా, యే క్యా లిఖా హై?"

ఏం రాసుందో చూద్దామని ఆదిబాబు కళ్ళజోడు పెట్టుకున్నాడు. "రత్నం. మా అమ్మే! ఫర్నేసు కాడ తట్ట మోసీది. ఆ ఇటుక నెత్తినెట్టుకుని తెచ్చింది. ఏటే, ఇన్నాళ్ళకి అడిగినావు?" సంబరంగా ట్రంకుపెట్టె తెరిచి ఒక కాగితం తీశాడు. "అన్నట్టు ఆ గది బాగుసేత్తారట. మన సంఘం పెసిడెంటు భీమారావుగారు ఇచ్చినారు ఈ నకలు. ఈ వారంలో రోజుకి అయిదారిళ్ళు సొప్పున అందరం సంతకాలెట్టీసినాం."

కాగితం హిందీలో ఉంది. ఆదిబాబు హిందీ గలగలా మాట్లాడతాడు, ఒక్క ముక్క చదవలేడు. బస్తీలో ముసలివాళ్ళందరి సంగతీ అంతే. పెద్దలకి ఒక లిపి, పిల్లలకి ఇంకో లిపి, మధ్యలో భీమారావు దర్జాగా బతికేస్తున్నాడు.

రోహిణి చదివింది. మొహం మాడిపోయింది. తడుముకుంటూ తెలుగులో చెప్పింది. "ఈ గది భీమారావు నాన్న నీలకంఠం ఒక్కడే కట్టినాడంట. మనోళ్ళు ఏటీ కట్టనేదంట. పడగొట్టి పెళ్ళిళ్ళ హాలు కట్టుకుంటే మనకి అబ్యంతరం నేదంట. కింద నీ సంతకం ఉంది, తాతా."

ఆదిబాబు కళ్ళజోడు తీసి పక్కన పెట్టాడు. "మా అమ్మ మోసినాది నేదని నేనే రాసిచ్చినానా? థూ, నా బతుకు!" అన్నాడు.

రోహిణి ఇంటింటికీ తిరిగి కాగితం చదివి వినిపించింది. "పెద్దోళ్ళతో మనకెందుకే గుంటా" అన్నారు. ఒక ముసలాయనైతే టీ ఇచ్చి మరీ పంపేశాడు. నమ్మలేదంటే వేరు. నమ్మారు! నమ్మి ఊరుకున్నారు. నాకు భీమారావు కన్నా వీళ్ళంటేనే రోత.

పెళ్ళిళ్ళ హాలుకి శిలాఫలకం వేసే రోజు రానే వచ్చింది. హాలుకి అనుమతివ్వడానికి నగర ఆఫీసు నుంచి అధికారి వచ్చాడు. చప్పట్లు కొట్టడానికి పిల్లల్ని వరసగా నిలబెట్టారు. అందరికీ తలో బిస్కెట్ ప్యాకెట్. భీమారావు సిల్కు లాల్చీ వేసుకుని, కిటికీ కింద గోడకి జారగిలబడి, "ఇదంతా మా నాయిన సెమట" అంటూ కళ్ళు తుడుచుకున్నాడు. ఆ కళ్ళలో నీళ్ళుంటే కదా!

"ఎవరికైనా అభ్యంతరమా?" అధికారి కాగితాలు సర్దుకుంటూ హిందీలో అడిగాడు.

రోహిణి ముందుకొచ్చింది. సంతకాల కాగితంలో ఉన్నది మొత్తం గట్టిగా చదివింది. తర్వాత బస్తీవాళ్ళ వైపు తిరిగి, "కిటికీ కింద ఇటుక మా ముత్తవ్వ రత్నంది. మోసింది ఆవిడే" అంది.

భీమారావు నవ్వాడు. "సిన్నపిల్ల మాటకేటి సార్? అందరి సంతకాలూ ఉన్నాయి."

"నా సంతకం నేను ఎనక్కి తీసుకుంతన్నాను, బాబూ." ఆదిబాబు లేచాడు. "మా అమ్మ మోసింది. నా కళ్ళారా సూసినాను." అదే మాట అధికారికి హిందీలోనూ చెప్పాడు.

రెండింటి సైరన్ మోగింది. భీమారావు కెవ్వుమని గోడ వదిలి గెంతాడు. లాల్చీ వీపు మీద ఇటుకంత మేర మాడిపోయింది. అధికారి గడియారం చూసుకుని, "అభ్యంతరం నమోదైంది. విచారణ అయ్యేదాకా గది జోలికి పోకండి" అని చెప్పి, రాసుకుని వెళ్ళిపోయాడు.

మర్నాడు సాయంత్రం వాన. రోహిణి కిటికీ కింద కూర్చుని, వెచ్చటి ఇటుకకి వీపు ఆనించి లెక్కలు చేసుకుంటోంది. చెయ్యి పక్కకి జరిపి చూసింది. చల్లగా ఉంది. ఆ పక్కదీ అంతే. నలభై రెండు ఇళ్ళూ ఇంకా బిస్కెట్లు నములుతూనే ఉన్నాయి.

పుస్తకం మూసి, బకెట్ తీసుకుని బయటికెళ్ళింది. పక్క ఇటుక మీద ఉమ్మి కడిగింది. అక్షరాలు దించుకుని, మొన్న టీ ఇచ్చి పంపేసిన ఇంటి తలుపు కొట్టింది.

"తాతా, ఈ పేరు ఎవలిది?"

ముసలాయన కాగితం అందుకుని, కళ్ళజోడు కోసం చాలాసేపు వెతికాడు. అది ఆయన నెత్తి మీదే ఉంది.