చూర్ణం వారి కోడలు

కరక్కాయ దంచడం ఎంత కష్టమో దంచేవాళ్ళకే తెలుస్తుంది. గింజ తీసేసి పెచ్చు మాత్రమే రోట్లో వేసినా మొదటి పది పోట్లకు లొంగదు, రోకలి ఎగిరెగిరి మన మీదకే వస్తుంది. శేషారత్నం రోజూ పొద్దున్నే ఆ రోటి ముందు నిలబడేది. కరక్కాయ, తానికాయ, ఉసిరి పెచ్చులు, సునాముఖి ఆకు, వాము, సైంధవ లవణం అన్నీ దంచాలి, పలచటి గుడ్డలో జల్లించాలి, రేకు డబ్బాల్లోకి ఎత్తాలి, డబ్బాల మీద కాగితాలు అంటించాలి. ఆ కాగితం మీద బొమ్మ మాత్రం మొగుడు బసవేశ్వరరావుది. తలపాగా, మెలి తిప్పిన మీసం, కింద ‘బసవేశ్వర సుఖవిరేచన చూర్ణం, రేపల్లె’ అని అచ్చు. ఇటు తెనాలి దాకా, అటు బాపట్ల దాకా ఎవరి కడుపు బిగుసుకున్నా ఆ డబ్బాయే దిక్కు. ఊళ్ళవాళ్ళందరికీ అంత సుఖం పంచిపెడుతున్న ఆ ఇంట్లో, దంచే మనిషి కడుపు మాత్రం నాలుగు రోజులకోసారి గాని కదిలేది కాదు.

నిజానికి ఆ చూర్ణం శేషారత్నం తల్లి అంకమ్మది. కొల్లూరు లంకల్లో ఏ గడపలో ఎవరికి కడుపు బాగాలేకపోయినా అంకమ్మ చిటికెడు పొడి ఇచ్చి, ఒక మాట కూడా చెప్పి పంపేది. “ఇది మూడు రోజుల మందేనమ్మా. ఈలోగా కూడు మార్చుకోండి. తరవాత పని కూడుది, మందుది కాదు.” పెళ్ళయిన కొత్తలో శేషారత్నం మురిపెంగా ఇదంతా చెబుతుంటే బసవేశ్వరరావు దగ్గర కూర్చుని పాళ్ళన్నీ కాగితం మీద రాసుకున్నాడు. రాసుకోనిది ఆ చివరి మాట ఒక్కటే. డబ్బా మీద ‘ప్రతి రాత్రీ ఒక చెంచా’ అని వేయించాడు. ఇదేంటండీ అని అడిగితే నవ్వాడు. “మూడు రోజుల్లో నయమైపోతే నాలుగో రోజు కొట్టుకి ఎవడొస్తాడే, పిచ్చిదానా?”

వ్యాపారం పెరిగింది. పంతొమ్మిది వందల అరవైలో పెరట్లో పెద్ద షెడ్డు వేశాడు, ఈ గోడ నుంచి ఆ గోడ దాకా, మూటలు పెట్టుకోవడానికి. అంతకుముందు ఆడవాళ్ళు పెరటి గుమ్మంలోంచి వెళ్ళి, దాని వెనక తడికల చాటున పని చూసుకుని వచ్చేవారు. షెడ్డుతో ఆ గుమ్మం మూసుకుపోయింది. ఇక మిగిలింది వీధి వైపు మూలనున్న మరుగుదొడ్డి ఒక్కటే. దానికి వెళ్ళాలంటే పక్క గుమ్మంలోంచి సందులోకి దిగి, వీధి అరుగు ముందు నుంచి నడవాలి. అరుగు మీద రెండు బల్లలు. పొద్దున ఆరింటి నుంచి దీపాల వేళ దాకా ఆ బల్లల మీద మగవాళ్ళు, తమ కడుపుల కష్టసుఖాలు ఒకరికొకరు చెప్పుకుంటూ. వాళ్ళ ముందు నుంచి చెంబు పట్టుకుని ఆడది నడవడమా! షెడ్డు కట్టించినప్పుడు ఆ ఇంట్లో ఆడవాళ్ళు ఎటు వెళ్తారన్న ప్రశ్న ఎవరికీ రాలేదు. తాపీమేస్త్రీకి రాలేదు, మొగుడికి రాలేదు. అత్తగారు సుబ్బరత్నమ్మకు వచ్చిందేమో తెలియదు, ఆవిడ నోరు తెరవలేదు.

అందుకని తెల్లవారుజామున నాలుగింటికి ఒకసారి, దీపాలు పెట్టాక ఒకసారి. అదే వేళ. ఆ వేళకు దేహం ఒప్పుకుంటే సరే, లేకపోతే మర్నాడే. దేహమన్నది మొగుడి మాట వినే పెళ్ళాం కాదు కదా, నాలుగింటికి రమ్మంటే రావడానికి! అది పొద్దెక్కాక, నాలుగు మెతుకులు కడుపులో పడ్డాక పిలిచేది. శేషారత్నం పళ్ళు బిగబట్టి, రోకలి ఇంకాస్త గట్టిగా వేసి దాన్ని వెనక్కి పంపేది. నీళ్ళు తాగితే లేనిపోని అవసరం కదా అని నీళ్ళు తగ్గించింది. ఇంట్లో అందరూ తిన్నాక గిన్నెలో మిగిలేది తెల్లటి అన్నమూ ఆవకాయ బద్దా. కూరలు మగవాళ్ళ దగ్గరే అయిపోయేవి. ఎప్పుడన్నా కడుపు నొప్పని మూలిగితే సుబ్బరత్నమ్మ అనేది, “ఆడదన్నాక ఆకలైనా, అదైనా ఆపుకోవాలి. నేను ఆపుకోవట్లా?” అంటూనే ఆవిడ రాత్రి పడుకోబోయే ముందు రెండు చెంచాల చూర్ణం మింగేది. శేషారత్నం కూడా మింగేది. మొదట్లో ఒక చెంచా, తరవాత రెండు, తరవాత మూడు. ఏడాది తిరిగేసరికి మూడు చెంచాలకూ కడుపు కదలడం మానేసింది.

అరవై ఎనిమిదిలో రక్తం పడటం మొదలైంది. ఆరు నెలలు ఎవరికీ చెప్పలేదు. ఒకరోజు రోటి దగ్గరే కళ్ళు తిరిగి కూలబడితే, అప్పుడు చెప్పక తప్పలేదు. విన్న వెంటనే బసవేశ్వరరావు వీధి తలుపు దగ్గరగా వేశాడు. “మెల్లగా మాట్లాడు. బయట జనం ఉన్నారు,” అన్నాడు. ఎంత బాధపడ్డావే అని గాని, ముందే ఎందుకు చెప్పలేదే అని గాని అనలేదు. రేపల్లెలో చూపిస్తే ఊరంతా తెలిసిపోతుందని తెనాలి తీసుకెళ్ళాడు. రైలెక్కిన దగ్గర్నుంచీ పాఠమే. “ఎవరన్నా కనపడితే చుట్టాలింటికని చెప్పు. సుఖవిరేచనం వారి పెళ్ళానికి మొలలని తెలిస్తే ఇక నా చూర్ణం ఎవడు కొంటాడు?” ఆసుపత్రిలో చీటీ రాయించేటప్పుడు తను బియ్యం వర్తకుణ్ణన్నాడు, భార్య పేరు సీతమ్మ అన్నాడు. వరండాలో నర్సు “సీతమ్మగారూ, సీతమ్మగారూ” అని మూడుసార్లు పిలిచింది. ఎవరో పాపం పలకడం లేదనుకుంటూ శేషారత్నం కూర్చునే ఉంది. మొగుడు మోచేత్తో పొడిస్తే గాని లేవలేదు. లోపలికి నడుస్తుంటే ఆమెకు ఒకటే తోచింది. డబ్బా మీద తన పేరు లేదు సరే, ఆఖరికి రోగం కూడా తన పేరున లేకపోయింది.

డాక్టరమ్మ ఏం తింటారని అడిగితే ఆయనే అందుకున్నాడు. “మా ఇంట్లో తిండికేం లోటండి! మిల్లులో రెండుసార్లు పాలిష్ పట్టించిన సన్నబియ్యం తప్ప ముట్టం.” డాక్టరమ్మ ఆయన్ని బయట కూర్చోమంది. చూడవలసింది చూసి, నెలరోజుల్లో తగ్గకపోతే ఆపరేషన్ తప్పదని చెప్పి, మిగతాది చెప్పమని నర్సుకు అప్పగించి వెళ్ళింది. నర్సు పేరు అన్నమ్మ, నలభై దాటిన మనిషి. ఆవిడ స్టూలు దగ్గరకు లాక్కుని ఇన్నేళ్ళలో ఎవరూ అడగని ప్రశ్న అడిగింది.

“మీరు ఎప్పుడెళ్తారమ్మా?”

“నాలుగింటికండి. తెల్లారకముందు.”

“పగలు వస్తే?”

శేషారత్నం తల వంచుకుంది. ఆ తరవాత బల్లల సంగతి, షెడ్డు సంగతి, చూర్ణం సంగతి అన్నీ ఒక్కొక్కటే బయటికొచ్చాయి. తను సీతమ్మ కాదు, శేషారత్నం అన్న సంగతి కూడా.

“తౌడంతా గేదెకి పోసి మీరు ఆ తెల్ల మెతుకులు తింటున్నారు. మీ గేదెకి ఎప్పుడన్నా ఈ బాధ వచ్చిందా?” అంది అన్నమ్మ. శేషారత్నానికి ఏడుపు మధ్యలో నవ్వొచ్చింది. “ముందు ఆ పొడి మానండి. అది పేగును కొట్టి పని చేయించుద్ది. కొట్టగా కొట్టగా పేగు మొండికేసింది. మీకు పీచు కావాలి. దంపుడు బియ్యం, తోటకూర కాడలు, అరటి దవ్వ, గోరుచిక్కుళ్ళు. నీళ్ళు చెంబులకు చెంబులు తాగండి. రాత్రి అన్నంలో మజ్జిగ పోసి పెట్టుకుని పొద్దున్నే తినండి. పులిసినదాంట్లో కంటికి కనపడని మంచి జీవులుంటయ్యి. పేగుల్లో అవే మనకి పాలేళ్ళు. వాటికి కూడు పెడితే మన పని చేసిపెడతయ్యి. ఇదంతా ఒకెత్తు, వచ్చినప్పుడు వెళ్ళడం ఒకెత్తు. ఎనిమిదేళ్ళు గుమ్మంలోంచే వెనక్కి పంపితే ఏ చుట్టమైనా రావడం మానుకుంటాడు గదమ్మా, రత్నంగారూ.”

తన పేరు తనకు వినపడగానే శేషారత్నం పమిటచెంగుతో కళ్ళు తుడుచుకుంది.

ఇంటికొచ్చి చూర్ణం మింగడం మానేసింది. లోకానికంతా దంచే రోట్లోనే తన కోసం గుప్పెడు వడ్లు దంచుకుంది. రోలూ తనదే, రోకలీ తనదే, ఇంతకాలం ఆ గుప్పెడు ఎందుకు తోచలేదో ఆమెకే అర్థం కాలేదు. వండిన కూరలో తన వంతు ముందే తీసి మూత పెట్టుకుంది. సుబ్బరత్నమ్మ బుగ్గలు నొక్కుకుంది, “మిల్లు బియ్యం బస్తాల్లో మూలుగుతుంటే దంపుడు బియ్యమా? చూసినవాళ్ళు మనకేదో దరిద్రం పట్టిందనుకుంటారు.” బసవేశ్వరరావు చద్దన్నం గిన్నె చూసి ముఖం చిట్లించాడు, “కూలోళ్ళ తిండి మా ఇంట్లో ఏంటే? మజ్జిగా మెతుకులే రోగాలు తగ్గిస్తే ఇక మేమెందుకు?” శేషారత్నం గిన్నె వదిలిపెట్టలేదు. ఒకటే అడిగింది, షెడ్డు గోడకు చిన్న తలుపు పెట్టించమని.

“గోడకి చిల్లు పెడితే మూటలు యాడ పెట్టుకోను?”

“పోనీ బల్లలు ఆ పక్కకు జరిపించండి.”

“అక్కడ ఎండ. జనం కూర్చోవద్దూ? ఎనిమిదేళ్ళ నుంచి లేని బాధ ఇప్పుడేం ముంచుకొచ్చింది? ఆ ఒక్కటీ ఆపుకోలేవా?”

పదమూడో రోజు పొద్దున పదింటికి, చద్దన్నం తిని రోటి దగ్గరకు వెళ్తుంటే దేహం పిలిచింది. చూర్ణం తరిమితే వచ్చే మెలికల నొప్పి కాదు, మామూలుగా, చిన్నప్పుడు లంకలో ఉన్నప్పటిలా. శేషారత్నానికి ఎంత సంతోషం వేసిందంటే గబగబా చెంబు ముంచుకుని పక్క గుమ్మం దాకా వెళ్ళింది. బల్లల మీద పదకొండు మంది ఉన్నారు. కాళ్ళు ఆగిపోయాయి. చెంబుతో వెనక్కి వచ్చి, రోలు పట్టుకుని, చెమటలు కారుతుండగా ఆ పిలుపు చచ్చిపోయేదాకా నిలబడింది. మర్నాడు నాలుగింటికి వెళ్తే మళ్ళీ రక్తం. పన్నెండు రోజుల చద్దన్నమూ మజ్జిగా కాడలూ కలిసి తన దేహాన్ని లేపి కూర్చోబెడితే, రెండు చెక్కబల్లలు దాన్ని మళ్ళీ పడగొట్టాయి. ఆమెకు ఏడుపు రాలేదు, ఒళ్ళు మండింది. ఆపరేషన్ చేయించుకోవలసింది తనా, ఆ అరుగా అనుకుంది.

ఆ రోజు పదింటికి మళ్ళీ పిలుపు. సరిగ్గా అప్పుడే అరుగు మీద బసవేశ్వరరావు బడిపంతులు హనుమంతరావుగారికి ఉపదేశం చేస్తున్నాడు. రోజూ చేసే ఉపదేశమే, గోడవతల నుంచి శేషారత్నం వెయ్యిసార్లు విన్నదే. “వేగాలు ఆపుకోకూడదండి మాస్టారూ. మలవేగాన్ని ఆపుకున్నవాడికి నూరు రోగాలు. క్లాసు జరగనీండి, రాజుగారి దర్బారులోనే ఉండండి, లేచి వెళ్ళాల్సిందే. శాస్త్రం!” వెయ్యిసార్లు విన్న మాట ఈసారి ఆమె చెవిలో కాదు, అరికాళ్ళలో పడింది. చెంబు ముంచుకుంది. పమిట భుజం చుట్టూ కప్పుకుంది. సందులోకి దిగింది.

మొదటి బల్ల దగ్గరకు వచ్చేసరికి మాటలు ఆగిపోయాయి. హనుమంతరావుగారు వాసాలు లెక్కపెట్టసాగారు. దారికి అడ్డంగా కాళ్ళు చాపుకుని ఉన్న యలమంద అనే రైతు గబుక్కున కాళ్ళు ముడుచుకుని, “రా తల్లీ” అన్నాడు. బసవేశ్వరరావు ముఖం నల్లబడింది.

“ఏంటి, ఎక్కడికి?”

“దొడ్డికెళ్తున్నానండి,” అంది శేషారత్నం. గొంతు తగ్గించలేదు, తల వంచలేదు.

ఆయన పళ్ళ మధ్య నుంచి అన్నాడు, “లోపలికి పో.”

“రాజుగారి దర్బారైనా లేచి వెళ్ళాలని ఇప్పుడేగా అంటిరి. ఇదేమన్నా దర్బారా?”

నడిచింది. తలుపు వేసుకుంది. లోపలికి వెళ్ళినా మొదట చెవులు బయటే ఉన్నాయి. తరవాత, ఎవరేమనుకుంటే నాకేం అని ఒక మాట తనకు తానే పైకి చెప్పుకుంది. తొందరపడలేదు. నొప్పి లేదు, రక్తం లేదు. పట్టపగలు, సూర్యుడు నెత్తి మీదికి వస్తుండగా, ఒక మనిషి చేసుకోవలసిన అతి మామూలు పని చేసుకుని బయటికొచ్చింది. ఇంత చిన్న పనికి ఇంత ధైర్యం కావలసి వచ్చిందే అని ఆమెకు సిగ్గేసింది, తన గురించి కాదు, ఆ ఇంటి గురించి.

సందు మొదట్లో బసవేశ్వరరావు నిలబడి ఉన్నాడు. వెనక బల్లల మీద సగం మంది లేచి వెళ్ళిపోయారు.

“పదిమందిలో పరువు తీశావు. రేపట్నుంచి ఎట్టా వస్తావో నేనూ చూస్తా.”

“రేపు కూడా ఈ వేళకే వస్తానండి. బల్లలు జరుపుతారో, జనాన్ని అటు తిరిగి కూర్చోమంటారో మీ ఇష్టం.”

ఆయన ఇంకేదో అనబోయాడు. ఇంతలో చూపు పక్కకు పోయింది. పక్క గుమ్మంలో సుబ్బరత్నమ్మ నిలబడి ఉంది. అరవై ఐదేళ్ళ మనిషి, ఒక చేత్తో గోడ పట్టుకుని, ఇంకో చేతిలో చెంబుతో. మెట్టు దిగి, చెంబులో నీళ్ళు తొణకకుండా మెల్లగా నడుస్తూ వస్తోంది.

“జరగరా అబ్బాయ్,” అంది ఆవిడ, అరుగు మీద మిగిలినవాళ్ళందరికీ వినపడేటట్టు. “నాక్కూడా వచ్చింది.”

శేషారత్నం గోడకు ఆనుకుని అత్తగారికి దారి ఇచ్చింది. వెంటనే మళ్ళీ సందుకు అడ్డంగా నిలబడింది, మొగుడు ఆవిడ వెనక పోకుండా, ఆయన వైపు తిరిగి.