తోక మడిచిన అతుకు

చిన్నదానికి ఉద్యోగం వచ్చిందన్న సంతోషం మేస్త్రికి సరిగ్గా రెండు రోజులు నిలిచింది. మూడో రోజు పొద్దున కూతురు కాగితం ముందేసుకుని, ఆ ఉద్యోగం ఎక్కడో, అక్కడికి ఎలా వెళ్లాలో గీసి చూపించింది. నీళ్ల సరఫరా ఆఫీసులో పని. ఆఫీసు ఊళ్లోనే, పని మాత్రం కొండ మీద. అక్కడ మూడు ట్యాంకులున్నాయి. రోజూ మూడింటి దగ్గరికీ వెళ్లి మీటర్లు చూసి, నీళ్లలో మందు సరిగ్గా కలుస్తోందో లేదో చూసి, రాసుకుని దిగిరావాలి. సగం దూరం తారు రోడ్డు, ఆపైన కంకర దారి, చివర్లో రాళ్లు తేలిన బాట. మోటారు బండ్లు వెళ్లకుండా కింద గేటు వేసేశారు. నడిచి వెళ్తే మూడో ట్యాంకు దగ్గరే పొద్దు వాలిపోతుంది. అందుకని సైకిలు కొనుక్కోమన్నారు. ఆఫీసువాళ్లు ఇంత ఉదారంగా చెప్పిన సైకిలు, ఆమె డబ్బుతో ఆమే కొనుక్కోవాల్సిన సైకిలు.

"ఎక్కడం సరేనమ్మా, దిగేటప్పుడు?" అన్నాడు మేస్త్రి.

"దిగేటప్పుడు బ్రేకులుంటాయి నాన్నా."

ముప్పై ఏళ్లు వెల్డింగ్ మంట ముందు కూర్చున్నవాడికి భయమేమిటని వీధిలో అందరూ అనుకుంటారు. నిజమే, ఆయనకి నిప్పంటే భయం లేదు, కరెంటంటే లేదు, నాలుగంతస్తుల ఎత్తున ఇనప దూలం మీద నిలబడమన్నా లేదు. చిన్నది మేడమెట్లు రెండేసి దిగితే మాత్రం పై ప్రాణాలు పైనే పోతాయి. ఆమెకి ఇరవై మూడేళ్లొచ్చినా అంతే.

ఆ వారమంతా చిన్నది సైకిళ్ల మీద పరీక్ష రాయబోతున్నట్టే చదివింది. ముందూ వెనకా స్ప్రింగులున్న సైకిళ్లు తన డబ్బుకి వచ్చేవన్నీ పైపై మెరుగులేనని తేల్చింది. వాటిలో స్ప్రింగు పేరుకే, బరువు మాత్రం నిజం. మామూలు సన్న టైర్ల సైకిలు తారు మీద బాగానే పోతుంది గానీ కంకర మీద చేతులెత్తేస్తుంది. మధ్యే మార్గం ఒకటుంది. ముందు స్ప్రింగు, వెనక బిగువు. రోడ్డుకీ పనికొస్తుంది, రాళ్లకీ పనికొస్తుంది, వెనక క్యారియర్ బిగించి సామాను పెట్టుకోవచ్చు.

"ముందు ఊగుతుంది, వెనక కదలదన్నమాట," అంది వాళ్లమ్మ అంతా విని. "అలాంటిది మనింట్లో ఒకటి ఉంది కదే. ఏ పనికైనా ముందు తెగ ఊగుతాడు, తర్వాత కుర్చీలోంచి కదలడు."

మేస్త్రి వినిపించుకోనట్టు పేపరు తిరగేశాడు.

చిక్కల్లా ఒక్కటే. చేతిలో ఉన్న డబ్బుకి కొత్తది కొంటే ముందు స్ప్రింగు నాసిరకంది వస్తుంది, బ్రేకులూ అంతంతమాత్రం. అదే డబ్బుకి పాతది కొంటే అన్నీ మంచివే వస్తాయి, కాకపోతే ఫ్రేముని నమ్మాలి. ఒకసారి పగిలిన ఫ్రేముకి రంగు పూసి అంటగట్టేవాళ్లు ఉంటారు. దానికి చిన్నది ఏమాత్రం బెంగపెట్టుకోలేదు. "ఫ్రేము చూడ్డానికి నాన్న ఉన్నాడుగా," అంది. ఆ మాటకి మేస్త్రి ఛాతీ రెండంగుళాలు పెరిగింది.

శనివారం మధ్యాహ్నం ఇద్దరూ సైకిళ్ల కొట్టుకి వెళ్లారు. మూడేళ్ల కిందట పాత యజమాని చనిపోతే, ఆ కొట్టుని అక్కడే పనిచేసే మెకానిక్ తీసుకుంది. నలభై ఏళ్లావిడ, చేతులు మోచేతుల దాకా గ్రీజు, మాట సూటి. చిన్నది తన జాబితా చదివి వినిపిస్తే అంతా విని, లోపల్నించి ఒక ఆకుపచ్చ సైకిలు తోసుకొచ్చింది.

"నీ డబ్బుకి ఇంతకంటే మంచిది ఈ ఊళ్లో దొరకదు. ముందు స్ప్రింగు గాలి ఒత్తిడితో పనిచేసేది, బ్రేకులు నూనెతో పనిచేసేవి, గేర్లు పోయినేడాది మార్చారు. మూడు చేతులు మారి నా దగ్గరికొచ్చింది. రంగు మాత్రం ఎవరో మళ్లీ వేశారు. నాకు పగులేం కనపళ్లేదు, కానీ రంగు కింద ఏముందో నేను చెప్పలేను. మీరు చెప్పండి మేస్త్రి గారూ, మీ పనే కదా."

"మా నాన్న బొటనవేలు ఎక్స్‌రే మిషన్ అక్కా," అంది చిన్నది.

మేస్త్రి గొంతుక్కూర్చున్నాడు. నిజానికి ఆయనకి కన్ను కంటే వేలే ఎక్కువ చెబుతుంది. సీటు కింద నుంచి మొదలుపెట్టి, పెడళ్ల దగ్గర అతుకులు తడిమి, కింది గొట్టం వెంబడి ముందుకొచ్చాడు. అన్నీ ఫ్యాక్టరీ అతుకులే, చేపపొలుసుల్లా వరసగా ఉన్నాయి. హ్యాండిల్ కిందకొచ్చి, కింది గొట్టం ముందు గొట్టాన్ని కలిసే చోట వేలు ఆగిపోయింది.

అతుకు చివర గుంటపడితే అక్కడినుంచే పగులు మొదలవుతుంది. అందుకని మంట ఆపేముందు వెల్డరు కొంచెం వెనక్కి తిరుగుతాడు. అందరూ వచ్చిన దారినే తిరుగుతారు. మేస్త్రిది ఎడమచేతి వాటం. చివరి బొట్టుని ఎడమపక్కకి కొక్కెంలా మడుస్తాడు. నేర్పిన గురువు దాన్ని తోక అనేవాడు, ఆ తోక చూసి నవ్వేవాడు కూడా. ప్రపంచంలో ఇంకెవరి అతుకుకీ అలాంటి తోక ఉండదు.

ఆకుపచ్చ రంగు కింద ఆ తోక ఉంది.

అది తను అతికిందే. తొమ్మిదేళ్ల నాటి సంగతి. పాత యజమాని పగిలిన ఫ్రేములు పట్టుకొచ్చేవాడు. ఇది అల్యూమినియం, ఒకసారి కరిగించి అతికితే ఆ చుట్టుపక్కల సత్తువ పోతుంది, మళ్లీ కొలిమిలో కాల్చాలి, నా దగ్గర అంత కొలిమి లేదని మేస్త్రి చెప్పాడు. అబద్ధమాడలేదు, చెప్పాడు. "తొక్కడానికి కాదులేవయ్యా, కొట్లో గోడకి వేలాడదీస్తాను," అన్నాడు యజమాని. గోడకి వేలాడదీసేదానికి అతుకెందుకని మేస్త్రి అడగలేదు. అడిగితే పని వేరేవాడికి పోతుంది.

"ఎలా ఉంది నాన్నా?"

తలెత్తాడు. ఇద్దరాడవాళ్లూ ఆయన నోటి మాట కోసం చూస్తున్నారు. అంత గౌరవంగా ఆయన వైపు ఎవరైనా చూసి చాలా కాలమైంది. ఇది నేను అతికిందే, నమ్మకండి అని చెప్పాలి. కానీ ఇంకేదో వంక పెట్టి కొననివ్వకుండా చేస్తే సరిపోతుంది కదా అనుకున్నాడు. అంత పెద్ద మేస్త్రీ అక్కడ తోక ముడిచాడు.

"బాగానే ఉంది," అన్నాడు.

అన్నాక వంకలు మొదలుపెట్టాడు. రంగు బాలేదన్నాడు. రంగుతో కొండెక్కనని చిన్నది అంది. నీ ఎత్తుకి పెద్దదవుతుందేమో అన్నాడు. ఆమె సైకిలుకి అటూ ఇటూ కాళ్లేసి నిలబడి, పై గొట్టానికీ తనకీ మధ్య ఎంత ఖాళీ ఉందో చూపించింది. పాత వస్తువుకి గ్యారంటీ ఏముంటుందన్నాడు.

"నువ్వు చూశాక ఇంకా గ్యారంటీ ఏంటి నాన్నా," అని ఆమె హెల్మెట్ పెట్టుకుంది. "అక్కా, ఒకసారి గేటు దాకా వెళ్లి, పైకెక్కి దిగొస్తా."

"ఈ సందు చివరి దాకా చాలమ్మా."

"సందులో తొక్కడానికైతే ఇదెందుకు?" అంటూనే వెళ్లిపోయింది.

మేస్త్రి స్టూలు మీద కూలబడ్డాడు. మెకానిక్ ఒక చక్రం ముందేసుకుని పుల్లలు బిగిస్తోంది. ఒక్కో పుల్లా బిగిసినప్పుడల్లా టింగుమంటుంటే ఆయన ఉలిక్కిపడుతున్నాడు. ఇప్పుడు తారు రోడ్డు మీద ఉంటుంది, తారు మీద ఏం కాదు. ఇప్పుడు గేటు దాటి ఉంటుంది. ఎక్కేటప్పుడు ఏం కాదు, బరువు వెనక ఉంటుంది. దిగేటప్పుడు మనిషి బరువంతా ముందుకొస్తుంది, చేతుల మీదికి, హ్యాండిల్ మీదికి, దాని కింద ఆ తోక మీదికి. అది ఊడితే ముందు చక్రం ఒక దారిన పోతుంది, మనిషి మొహం ఇంకో దారిన రాళ్ల మీదికి పోతుంది.

"మంచినీళ్లు కావాలా మేస్త్రి గారూ? మొహం అలా అయిపోయిందేంటి?"

"అది నేను అతికిందేనమ్మా," అన్నాడు. "ఆ ఫ్రేము. మీ పాత యజమాని తెస్తే నేనే అతికాను. ఆ అతుకు ఆగదు."

మెకానిక్ చేతిలో చక్రం కింద పెట్టింది. "ఆగదంటే? ఎంతకాలం?"

"ఏడాది ఆగొచ్చు. ఈ పూటే పోవచ్చు."

ఆవిడ వెంటనే ఫోను తీసి చిన్నదానికి కలిపింది. కౌంటరు మీదున్న చిన్నదాని సంచీలో ఫోను మోగింది. రెండుసార్లు మోగేదాకా ఇద్దరూ ఆ సంచీనే చూస్తూ ఉండిపోయారు. తర్వాత మెకానిక్ స్కూటరు తీసింది, మేస్త్రి వెనకెక్కాడు.

గేటు దగ్గర స్కూటరు ఆగీ ఆగకముందే ఆయన దూకి, గేటు పక్కనున్న ఖాళీలోంచి దూరి, కంకర దారిన పరుగెత్తాడు. యాభై ఆరేళ్ల మోకాళ్లు. రెండో మలుపు తిరిగేసరికి ఊపిరందక ఆగిపోయాడు. అప్పుడే పైన రాళ్ల బాట మీద ఆకుపచ్చ రంగు కనిపించింది.

వస్తోంది. సీటు మీంచి లేచి, మోచేతులు వంచి, రాయి మీంచి రాయి మీదికి వస్తోంది.

ఆగమ్మా అని అరవబోయి నోరు నొక్కేసుకున్నాడు. అరిస్తే ఆమె బ్రేకు పట్టుకుంటుంది. ముందు బ్రేకు గట్టిగా పడితే బరువంతా ఒక్క దెబ్బన ఆ అతుకు మీద పడుతుంది. అరవకపోతే ముందున్న రాతి గట్టు మీంచి దూకుతుంది. ఏది చేసినా చంపేది తనే. చెయ్యి ఊపడానికి కూడా ధైర్యం చాల్లేదు. దారి పక్కకి జరిగి, రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుని నిలబడ్డాడు.

ఆమె గట్టు మీంచి దూకింది. రెండు చక్రాలూ గాల్లోకి లేచి, ముందు చక్రం నేలని తాకింది. లోపలెక్కడో చిన్నగా కిర్రుమంది. ఆ చప్పుడు ఆయనకి తన పక్కటెముకల్లో వినిపించింది. సైకిలు కంకర మీదికొచ్చి, నెమ్మదించి, ఆయన ముందే ఆగింది.

"అదేంటి నాన్నా, ఇక్కడిదాకా వచ్చావు?" చిన్నదాని మొహం వెలిగిపోతోంది. "ఎంత బాగుందో. నీళ్లలో పోయినట్టుంది."

"దిగు."

"ఏమైంది?"

"ముందు దిగమ్మా."

దిగింది. మేస్త్రి సైకిలుని ఆమె చేతుల్లోంచి లాగేసుకుని నేల మీద పడుకోబెట్టాడు. అప్పటికి మెకానిక్ కూడా వచ్చింది. తాళంచెవితో హ్యాండిల్ కింద రంగు గీకి, ఫోను వెలుగు పెట్టి చూసింది. తోక పక్కనే, వెంట్రుక మందాన, సగం గొట్టం చుట్టూ నల్లటి గీత ఉంది. వేలితో నొక్కితే రవ్వంత విచ్చుకుంది.

మేస్త్రి చెప్పాడు. యజమాని, గోడ, కొలిమి, తోక, అన్నీ చెప్పాడు. చెబుతున్నంతసేపూ ఆ గీతనే చూస్తూ చెప్పాడు. చిన్నది వింటూ హెల్మెట్ తీసింది. ఏడుస్తుందేమో, తిడుతుందేమో అనుకున్నాడు. తిట్టినా బాగుండేది.

"ఇందాక కొట్లో నీకు తెలుసా?" అంది.

"తెలుసమ్మా."

"పైన దిగబోయే ముందు నాకూ భయమేసింది నాన్నా. తెలియని సైకిలు కదా, మెల్లగా దిగుదామనుకున్నా. మళ్లీ, నాన్న చూశాడు కదా అనుకున్నా." ఆమె హెల్మెట్ పట్టీ వేలికి చుట్టుకుంది. "నువ్వు బాగానే ఉందన్నావని బ్రేకు పట్టకుండా దిగాను. బాగుందని మళ్లీ పైకెక్కి, ఆ గట్టు మీంచి రెండుసార్లు దూకాను."

తిరిగి వచ్చేటప్పుడు ముగ్గురూ నడిచే వచ్చారు. మెకానిక్ స్కూటరు తోసుకుంటూ, మేస్త్రి ఆకుపచ్చ సైకిలు తోసుకుంటూ. మధ్య దారిలో మెకానిక్ నెమ్మదిగా అడిగింది. "ఇలాంటివి ఎన్ని అతికారు మేస్త్రి గారూ?"

"నాలుగు. దీనితో కలిపి ఐదు."

"మిగతావి ఎవరు తొక్కుతున్నారో మీకు తెలుసా?"

ఆయనకి తెలీదు. ఈ తొమ్మిదేళ్లలో ఒక్క పూట కూడా ఆ ప్రశ్న తనని తాను వేసుకోలేదు. కొట్టుకి చేరాక మెకానిక్ ఆయన ముందు ఒక కాగితం పెట్టి, గుర్తున్నంతవరకు సైజూ, రంగూ, అతుకు ఏ గొట్టం మీద ఉందో రాయమంది. తలుపు మీద అంటిస్తానంది, ఊళ్లో మిగతా కొట్లకీ పంపుతానంది. మేస్త్రి రాయడం మొదలుపెట్టాడు. వీధిలో సైకిలు గంట వినిపించినప్పుడల్లా చెయ్యి ఆగిపోతోంది.

చిన్నది వెనక్కి కూడా చూడకుండా కొత్త సైకిళ్ల వరస దగ్గరికి వెళ్లింది. తన డబ్బుకి వచ్చేదాన్ని ఒకటి బయటికి లాగింది. ముందు స్ప్రింగు మొరటుగా ఉంది, బరువు ఎక్కువ, బ్రేకులు తీగవి. దాన్ని ఎత్తి చూసి, దించి, హెల్మెట్ మళ్లీ పెట్టుకుంది. అలవాటు కొద్దీ మేస్త్రి కలం కింద పెట్టి లేచాడు, బొటనవేలు ప్యాంటుకి తుడుచుకుని ఫ్రేము దగ్గరికి రెండడుగులు వేశాడు.

చిన్నది సైకిలుని కొంచెం పక్కకి జరిపి, మెకానిక్ వైపు తిరిగింది.

"మీరు చూసి చెప్పండక్కా. దీని మీద వెళ్లనా?"